తెలుగు మాట్లాడిన జపాను దయ్యం

పొరపాటు భాస్కర్‌దే. ఆ సంగతి అతనూ ఎప్పుడూ కాదనలేదు. శ్రీకృష్ణుడి బొమ్మ ఉన్న డబ్బాలో పెట్టాల్సిన టేపు ఒకటైతే, పెట్టింది ఇంకొకటి. ఆ శనివారం మధ్యాహ్నం రాధాకృష్ణ ఇంట్లో నాలుగైదు కుటుంబాలు చేరాయి. పులిహోర తిని, పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి టేపు పెడితే, తెర మీదికి కృష్ణుడు రాలేదు. చీకట్లో ఒక చెక్క వంతెన వచ్చింది. దాని మీద ఒక ఆకారం నిలబడి ఉంది. ముఖం ఉండాల్సిన చోట తడి కాగితం అంటుకుని ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ కాగితం నోటి దగ్గర గుంటపడుతోంది.

రాధాకృష్ణ భార్య విజయశ్రీ వెంటనే కొట్టుకి ఫోన్ చేసింది.

"ఉషగారూ, ఇదేం కృష్ణుడండీ? మా రేణు సోఫా వెనక్కి దూరి బయటికి రానంటోంది. మీరే వచ్చి ఈ టేపు పట్టుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

అది ఎనభై ఏడో సంవత్సరం శీతాకాలం. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో భాస్కర్, అతని భార్య ఉష నడిపే కిరాణా కొట్టులో పప్పులూ పచ్చళ్ళతో పాటు తెలుగు సినిమా టేపులు కూడా అద్దెకి దొరికేవి. మన దేశం నుంచి వచ్చే టేపులు ఇక్కడి వీసీఆర్‌లలో ఆడవు, వాటిని మార్పించి తెచ్చుకోవాలి. తర్వాత కాపీలు తీయడానికి భాస్కర్ కొట్టు వెనక గదిలో రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకున్నాడు. ముల్లంగి, అల్లం, నువ్వుల కోసం అప్పుడప్పుడూ కొట్టుకి వచ్చే ఓకబే సెత్సుకో అనే జపాను ఆవిడ అది చూసింది. ఆమె భర్త కార్ల కంపెనీలో ఇంజనీరు, జపాను నుంచి కొన్నాళ్ళ పని మీద వచ్చాడు. తన దగ్గరున్న ఒక టేపుకి కాపీ తీసిపెట్టమని ఆమె అడిగింది. జపాను టేపులకి ఆ మార్పించే గొడవ లేదు, నేరుగా ఆడతాయి. భాస్కర్ శుభ్రంగా కాపీ తీశాడు. తీసి, కృష్ణుడి డబ్బాలో పెట్టాడు.

ఉష కారు తీసుకుని రాధాకృష్ణ ఇంటికి వెళ్ళింది. తీరా వెళితే పిల్లలు టేపు ఇవ్వలేదు. భయపడుతూనే, దుప్పట్లు కప్పుకుని, కళ్ళు తిప్పకుండా చూస్తున్నారు. ఉష కూతురు విద్య కూడా ఆ గుంపులోనే ఉంది. సోఫా వెనక నుంచి రేణు వెక్కుతూ అడిగింది.

"ఆంటీ, వాట్ డజ్ ఇట్ వాంట్? ఆ పేపర్ ఫేస్ ఏం కావాలంటోంది?"

ఉషకి జపాను భాష ఒక్క ముక్క రాదు. కాని ఏం జరుగుతోందో తెలియకపోవడమే ఆ పిల్లని ఎక్కువగా బెదరగొడుతోందని ఆమెకి అర్థమైంది. కార్పెట్ మీద కూలబడి, రేణుని ఒళ్ళోకి లాక్కుని, తెర వైపు చూస్తూ తోచినట్టు కథ అల్లడం మొదలుపెట్టింది.

"ఆ అమ్మాయి పేరు చిజురు. విన్నారుగా, ఇందాక పిలిచారు. వాళ్ళది లాంతర్ల కొట్టు. పొద్దుగూకగానే వెనక తలుపు ఎవరో తడతారు. ఆ వచ్చేవాళ్ళంతా చచ్చిపోయినవాళ్ళే. పాపం, చచ్చిపోయామని వాళ్ళకే తెలీదు. చిజురు లాంతరు పట్టుకుని వాళ్ళని వంతెన దాటిస్తుంది. ఈ కాగితం మొహంవాడు వాడి పేరు మర్చిపోయాడు. అందుకే ముఖం లేదు. 'నా పేరేమిటమ్మా? నా పేరు చెప్పవా?' అని అడుగుతున్నాడు."

ఆ చివరి మాట ఆమె బొంగురు గొంతుతో, సాగదీసి అంది. పిల్లలు దుప్పట్లు ఇంకా పైకి లాక్కున్నారు. వంటింట్లోంచి విజయశ్రీ కూడా గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

ఉష పెళ్ళికి ముందు విజయవాడలో రేడియోలో పిల్లల కార్యక్రమాల్లో నాటికలు వేసేది. ముసలమ్మ, నక్క, రాజుగారి ఏనుగు, ఏ గొంతు కావాలంటే ఆ గొంతు. అమెరికా వచ్చాక ఆ గొంతులతో పని పడలేదు. విద్య తెలుగు వింటుంది, అర్థం చేసుకుంటుంది, కాని జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కథలు చెప్పబోతే "మామ్, నాట్ నౌ" అని లేచిపోయేది. ఆ రోజు మాత్రం విద్య లేవలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని బొమ్మ చూస్తూ ఉండిపోయింది.

సినిమాలో ఇంకొక మనిషి ఉంది. చిజురు వాళ్ళ మామ్మ. ఎప్పుడు చూపించినా పొయ్యి ముందు వీపు ఇటు తిప్పి కూర్చుని ఉంటుంది. ముఖం కనపడదు, పలకరిస్తే పలకదు. కథ నడవాలంటే ఒక దుర్మార్గురాలు కావాలి కదా. ఉష ఆమెని మంత్రగత్తెని చేసేసింది.

"ఆ ముసల్ది ఉందే, అదే ఈ పిల్లని కట్టిపడేసింది. దయ్యాల చేత వెట్టిచాకిరీ చేయిస్తోంది. ఇటు తిరిగితే ఆ ముఖం చూసినవాళ్ళు బతకరు."

పిల్లలు కెవ్వుమన్నారు. అంతటితో అయిపోయిందనుకుంది ఉష.

అయిపోలేదు. మరుసటి శనివారం రేణు, ఇంకో అరడజను మంది పిల్లలు కొట్టు వెనక గదిలో తేలారు. పెద్దవాళ్ళు ముందు కూరలు ఏరుకుంటుంటే, వెనక బియ్యం బస్తాల మీద పిల్లలు ఎక్కి కూర్చునేవారు. ఉష ఆ టేపునే ముక్కలు ముక్కలుగా వేసి, ఒక్కో ముక్కకి కథ అల్లేది. ఇంగ్లీషులో చెప్పమని మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. "దయ్యాలకి ఇంగ్లీషు రాదమ్మా" అంది ఉష. దాంతో ఆ గొడవ తీరిపోయింది. ఆ గదిలో పిల్లలు ఏదైనా అడగాలంటే తెలుగులోనే అడగాలి. వంకరటింకర తెలుగైనా సరే, అడిగేవారు. విద్య మాత్రం ఏమీ అడిగేది కాదు. మూల బస్తా మీద కూర్చుని చూసేది.

ఒక శనివారం ఓకబే సెత్సుకో తన కాపీ తీసుకుందామని వచ్చింది. వెనక గదిలోంచి తనకి తెలిసిన సంగీతం వినపడితే గుమ్మానికి వేసిన తెర తొలగించి చూసింది. బస్తాల మీద పిల్లలు, టీవీలో చిజురు, పక్కన ఉష ముసలిగొంతుతో "తే, ఇంకొక ప్రాణం తే, నా ఆకలి తీరలేదు" అని గర్జిస్తోంది. సెత్సుకో చివరిదాకా నిలబడి వింది. పిల్లలు వెళ్ళాక, ఒక్కొక్క ఇంగ్లీషు మాటే వెతుక్కుంటూ, జపాను పద్ధతిలో 'గారు' బదులు 'సాన్' అంటూ అడిగింది.

"ఉషా-సాన్, ఆ ముసలావిడ ఏమంటోంది, మీ కథలో?"

ఉష సిగ్గుపడుతూనే చెప్పింది, నేనే కల్పించానని కూడా చెప్పింది. సెత్సుకో నవ్వబోయి ఆగిపోయింది. "చాలా బాగా చెప్పారు" అని తలవంచింది. పిల్లల కోసం భాస్కర్ అప్పటికే ఇంకో కాపీ తీసి ఉంచాడు. సెత్సుకో తన కాపీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"కాని మామ్మ... ఆమె అలాంటిది కాదు. నా దగ్గర పుస్తకాలున్నాయి. తెస్తాను."

తెచ్చింది. చేతిసంచీ నిండా చిన్న సైజు లావుపాటి పుస్తకాలు, అన్నీ బొమ్మలే. ముందు పత్రికలో నెలనెలా వచ్చిందట, తర్వాత పుస్తకాలైందట, ఆ తర్వాతే ఈ టేపు వచ్చిందట. ఇంకా రాస్తూనే ఉన్నారట. సెత్సుకో బడి చదువు అయిపోయిన నాటి నుంచి చదువుతోంది. పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకి తిప్పుతూ, ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి చూపిస్తూ, వచ్చినంత ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. కౌంటరు దగ్గర భాస్కర్‌ని ఉంచి, ఉష పక్కన కూర్చుని చూసింది.

లాంతర్ల కొట్టు ఎప్పుడో కాలిపోయింది. చిజురు ఆ మంటల్లోనే పోయింది. ఆ సంగతి చిజురుకి తెలియదు. ఆ ఇంట్లో బతికి ఉన్నది మామ్మ ఒక్కతే. మనవరాలు వచ్చిపోతోందని ఆమెకి తెలుసు. తిరిగి చూస్తే, ఆ కళ్ళూ ఈ కళ్ళూ కలిస్తే, పిల్లకి తను చచ్చిపోయానన్న సంగతి తెలిసిపోతుంది. అప్పుడు వంతెన దాటి వెళ్ళిపోవాలి. అందుకే ముసలావిడ ఏళ్ళ తరబడి తిరిగి చూడకుండా కూర్చుంది.

ఒక పుస్తకంలో మాత్రం, ఒకే ఒక్క పేజీలో, చిజురు ఇంట్లో లేని వేళ ఆమె ముఖం గీశారు. పేజీ నిండా అదే బొమ్మ. ఏదో ఘోరం చూడబోతున్నానని ఉష గుండె చిక్కబట్టుకుంది. ఘోరమేమీ లేదు. పొయ్యి మసి అంటిన బుగ్గలతో, పళ్ళూడిన ఒక మామూలు ముసలమ్మ. నోట్లో ముద్ద పెట్టుకుని మింగలేక కూర్చుంది.

ఉష చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. ఎవరైనా పేరు పెట్టి పిలిచి తిట్టినట్టు చెంపలు వేడెక్కాయి. ఇన్ని వారాలుగా ఆ పిల్లలందరి చేతా ఈ ముసలమ్మని తిట్టించింది తను. "మంత్రగత్తె చావాలి" అని బస్తాల మీద ఎగిరి చప్పట్లు కొట్టారు వాళ్ళు.

"సారీ" అంది, ఎవరికి చెబుతోందో తనకే తెలియకుండా.

"నాకు భయమేసినప్పుడు ఈ పుస్తకం చదువుతాను" అంది సెత్సుకో. "భయం కథ, కాని లోపల భయం తగ్గుతుంది. ఇక్కడ, ఈ దేశంలో, పగలు కూడా ఇంట్లో కర్టెన్లు వేసుకుంటాను."

ఎందుకో ఉష అడగలేదు. ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల ఎవరూ అడగక్కర్లేదు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, జపాను కార్లు అమ్ముడుపోతున్నాయి. జపాను మనిషి కనపడితే కారు అద్దం దించి కేకలేసేవాళ్ళు ఉన్నారు.

ఆ మంట మనవాళ్ళనీ వదల్లేదు. మరుసటి వారమే రాధాకృష్ణ కొట్టుకి వచ్చాడు. అతను కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. మంచివాడే, మాట కొంచెం గట్టి.

"ఉషగారూ, మా రేణు బాత్రూమ్‌కి కూడా ఒక్కతే వెళ్ళట్లేదు. వాళ్ళమ్మ తలుపు బయట డ్యూటీ చేయాల్సొస్తోంది. ఇక ఆపేయండి."

"భయపడితే పంపకండి రాధాకృష్ణగారూ. తనే వస్తానంటోంది."

"అది కాదండీ. మా ప్లాంట్‌లో మళ్ళీ లే-ఆఫ్ అంటున్నారు. రోడ్డు మీద చూస్తే వాళ్ళ కార్లు, ఇంట్లో చూస్తే వాళ్ళ టీవీలు. ఇప్పుడు వాళ్ళ దయ్యాల్ని కూడా ఇంపోర్ట్ చేసుకోవాలా? మనకి లేవా దయ్యాలు?"

భాస్కర్ గోంగూర సీసాలు సర్దుతున్నవాడు ఫక్కున నవ్వి, రాధాకృష్ణ నవ్వకపోయేసరికి మూతి బిగించుకున్నాడు. అప్పుడే బయట పార్కింగ్‌లో ఏదో పగిలిన చప్పుడైంది. వెంటనే ఒక ట్రక్కు రివ్వున వెళ్ళిపోయింది.

అందరూ బయటికి పరిగెత్తారు. సెత్సుకో కారు ముందు దీపం ఒకటి పగిలిపోయి, మంచు మీద గాజుముక్కలు పడి ఉన్నాయి. పక్కన ఒక బేస్‌బాల్ బ్యాటు, వాళ్ళే పారేసి పోయారు. సెత్సుకో కారు లోపలే కూర్చుని ఉంది, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని. ఉష తలుపు తెరిచి "ఓకబేగారూ, దిగండి, లోపలికి రండి" అని తెలుగులోనే పిలిచింది. ఆమె కదల్లేదు. వేళ్ళు విడదీయడానికి కాసేపు పట్టింది.

రాధాకృష్ణ చుట్టూ తిరిగి చూశాడు. దీపం చూశాడు, బానెట్ మీద పడిన సొట్ట చూశాడు. "రాస్కెల్స్" అన్నాడు. తర్వాత తన కారులోంచి అంటించే టేపు, ప్లాస్టిక్ ముక్క తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు కొంకర్లు పోతున్నా ఆ దీపానికి కట్టు కట్టాడు.

"ఈవిడ ఇప్పుడు డ్రైవ్ చేయలేదు. భాస్కర్, నువ్వు నా కారు తీసుకుని వెనకే రా. నేను ఈవిడ కారులో దింపేస్తాను."

వెళ్ళొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కాఫీ ఇస్తే తాగాడు.

"దారిలో ఆవిడ నాకు సారీ చెబుతూనే ఉందండీ" అన్నాడు చివరికి. "పగలగొట్టింది ఎవరో, సారీ చెప్పేది ఆవిడా! మొన్న గ్యాస్ స్టేషన్‌లో నన్ను కూడా ఒకడు గో హోమ్ అన్నాడు. ఇంట్లో చెప్పలేదు."

జపాను కార్ల గురించి అతని అభిప్రాయం ఆ తర్వాత కూడా మారలేదు. కాని శనివారం రేణుని తనే తీసుకొచ్చాడు. తెచ్చినవాడు వెళ్ళకుండా, చేతులు కట్టుకుని గుమ్మం తెర పక్కన నిలబడ్డాడు. ఆ రోజు సెత్సుకో కూడా వచ్చింది. భర్త దింపి వెళ్ళాడు.

ఉష టేపు పెట్టలేదు. పిల్లలందరినీ దగ్గరికి పిలిచింది.

"నేను మీకు కథ తప్పు చెప్పాను. మామ్మ మంత్రగత్తె కాదు."

పిల్లలు ఒప్పుకోలేదు. "నువ్వే చెప్పావుగా ఆంటీ!" "మరి మొహం ఎందుకు చూపించదు?" "చీటింగ్!" అని గోల. ఉష ఏదో చెప్పబోయింది. గోలలో ఆమె మాట ఎవరికీ వినపడలేదు. అప్పుడు మూల బస్తా మీద నుంచి విద్య లేచి నిలబడింది.

"మామ్మ బ్యాడ్ కాదు" అంది తెలుగులో. "నాకు తెలుసు. ఫస్ట్ డే నుంచి తెలుసు."

గోల తగ్గింది. ఉష కూతురి వైపే చూస్తోంది.

"మామ్మ ఎప్పుడూ రెండు గిన్నెలు పెట్టింది. చూడండి కావాలంటే. ఒకటి మామ్మది. ఇంకోటి చిజురుది. మామ్మ తింటుంది. చిజురు తినదు. ఎప్పుడూ తినదు. గిన్నె చల్లగా అయిపోతుంది. మామ్మ మళ్ళీ వేడి చేస్తుంది." విద్య ఒక క్షణం ఆగింది. మాట కోసం వెతుక్కుంది. "చిజురుకి ఆకలి లేదు. బికాజ్... చిజురు చచ్చిపోయింది."

రేణు చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏ మాటా అర్థం కాని సెత్సుకో, గిన్నెలని చేత్తో చూపించిన విద్యని చూసి, మెల్లగా తల ఊపడం మొదలుపెట్టింది.

"తెలిస్తే నాకెందుకు చెప్పలేదే?" అంది ఉష.

"నువ్వు కథ చెప్తున్నావు కదా" అంది విద్య. "బాగుంది. ఆపకూడదు అనుకున్నా."

ఉషకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి టేపు మొదటి నుంచి పెట్టింది. ఈసారి మామ్మకి కొత్త గొంతు ఇచ్చింది. ఎక్కువ మాటలు లేవు. "వచ్చావా?" అంటుంది, వెనక్కి తిరక్కుండా. "చలిగా ఉందా బయట?" అంటుంది. "అన్నం పెట్టాను" అంటుంది. అంతే. మొదట్లో కెవ్వుమన్న పిల్లలు ఇప్పుడు ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. కాగితం ముఖంవాడు వచ్చినప్పుడు కూడా ఎవరూ అరవలేదు. రేణు "పాపం" అంది. తెర పక్కన రాధాకృష్ణ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. సినిమా అయిపోయాక అందరికంటే ముందు అతనే అడిగాడు.

"మరి ఆ ముసలావిడ ఎప్పటికైనా తిరిగి చూస్తుందా?"

ఉష ఆ మాట సెత్సుకోకి ఇంగ్లీషులో చెప్పింది. సెత్సుకో రెండు చేతులూ విప్పి చూపించింది. ఇంకా రాయలేదు. ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు జపాను నుంచి కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా సెత్సుకో పట్టుకొచ్చేది. రెండో టేపు కూడా వచ్చింది. అందులో పాట బాగా లేదని పిల్లలు పెదవి విరిచారు. రేణు బాత్రూమ్‌కి ఒక్కతే వెళ్ళడం మొదలుపెట్టింది. విద్య ఇంట్లో అప్పుడప్పుడూ తెలుగు మాట్లాడేది. కోపం వస్తే ఇప్పటికీ ఇంగ్లీషే. కాని పుస్తకంలో కొత్త దయ్యం వచ్చినప్పుడు మాత్రం తల్లీకూతుళ్ళు వంటింట్లో గంటల తరబడి తెలుగులోనే వాదించుకునేవారు.

ఎనభై తొమ్మిది వేసవిలో సెత్సుకో భర్తని కంపెనీ జపానుకి వెనక్కి రమ్మంది. వెళ్ళే ముందు సెత్సుకో కొట్టుకి వచ్చి, ఎప్పటిలాగే తలవంచి, ఒక సాయం అడిగింది.

"మీ గొంతుతో ఆ కథ క్యాసెట్‌లో రికార్డ్ చేసి ఇస్తారా? మా అమ్మకి వినిపించాలి."

"తెలుగులోనా? ఆవిడకి ఏం అర్థమవుతుంది?"

"కథ ఆవిడకి తెలుసు. నేను ఇక్కడ ఎవరితో ఉన్నానో తెలియదు. అది వినాలి."

రికార్డింగ్‌కి వెనక గదిలో బస్తాలు పేర్చి అడ్డం పెట్టారు. విద్య చిజురు వేషం తనదే అని ముందే చెప్పేసింది. మొదటిసారి రికార్డ్ చేసి వింటే మాటల వెనక గుర్రుమని ఒకటే మోత. రేడియోలో పనిచేసిన చెవి కదా, ఉష ఒప్పుకోలేదు.

"ఏవండీ, ఆ ఫ్రీజర్ ఆపండి."

"ఆపితే కూరలు?"

"ఆపండి అంటుంటే!"

భాస్కర్ ప్లగ్గు పీకేశాడు. కొట్టులో ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకుంది. సెత్సుకో బియ్యం బస్తా మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉష గొంతు సవరించుకుని, మైకు దగ్గరికి జరిగి, పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మలా మెల్లగా అంది, "వచ్చావా?"

క్యాసెట్ రెండు వైపులా నిండేసరికి పొద్దు వాలింది. ప్లగ్గు మళ్ళీ పెట్టడం భాస్కర్ మర్చిపోయాడు. మంచు కరిగిపోయిన బెండకాయలూ చిక్కుడుకాయలూ ఆ వారమంతా వాళ్ళింట్లో, రాధాకృష్ణ ఇంట్లో వండుకున్నారు. ఓకబేగారింటికి కూడా ఒక సంచీ వెళ్ళింది.